మా బావ కుడికాలు

మా బావ ప్యాంట్లు కుడతాడు. చొక్కాలు కుట్టడు. ఎందుకు కుట్టవని అడిగితే, చొక్కా కుట్టించుకునేవాడు అద్దం ముందు నిలబడి మెడ అటూ ఇటూ తిప్పుతాడని, అదంతా చూసే ఓపిక తనకి లేదని అంటాడు. నడుము, తొడ, మోకాలు, మడమ. ముప్పయ్యేళ్ళుగా ఆయన లోకమంతా నడుము కిందే ఉంది. వీధిలో ఎవరైనా పలకరిస్తే ముఖం చూసి పోల్చుకోవడానికి కాసేపు తడుముకుంటాడు. ప్యాంటు చూశాడంటే మాత్రం మనిషెవరో, ఏ ఏడు కుట్టించుకున్నాడో, అప్పటికీ ఇప్పటికీ ఎంత లావయ్యాడో కూడా చెప్పేస్తాడు.

ఆయన భార్య మా అక్క. నేను రెండు వీధుల అవతల ఉంటాను, బళ్ళో గుమాస్తాని. నాకో స్కూటరుంది. ఈ వ్యవహారంలో నేను చేసిన ఘనకార్యమంతా ఆ స్కూటరు నడపడమే.

వాళ్ళింటి ముందు గదే దుకాణం. కిటికీ పక్కన తొక్కుడు మిషను, గోడకి నిలువుటద్దం, మూలన పరదా, మధ్యలో గుడ్డ కత్తిరించే బల్ల. బల్లకి ఈ పక్కన కూర్చుని మా అక్క ఇరవై ఆరేళ్ళు కాజాలు కుట్టింది, గుండీలు వేసింది, అంచులు మడిచి చేత్తో కుట్టింది. మిషను మాత్రం ముట్టుకోనివ్వలేదు ఆయన. మిషనుకి ఒక్కరి కాలే అలవాటవుతుందని, ఇద్దరు తొక్కితే పాడైపోతుందని చెప్పేవాడు. తను వట్టి కాళ్ళతోనే తొక్కేవాడు. చెప్పులేసుకుంటే అది మాట వినదట.

షుగరు బయటపడి పదకొండేళ్ళయింది. మాత్రలు ఇంట్లో ఉండేవి. వాటిని వేసుకోవడమా మానడమా అన్నది ఆ రోజు ఆయన మనసుని బట్టి ఉండేది. రక్తపరీక్ష కాగితం చూపించి అక్క మొత్తుకుంటే, "మొన్నొకటి వచ్చింది, ఇవాళొకటి వచ్చింది. రెండూ ఒకేలా రాని కొలతని నేనెలా నమ్మేది" అనేవాడు. ఆయన నమ్మేది మెడలో వేలాడే టేపునొక్కదాన్నే.

మొదట్లో కొన్నేళ్ళు అరికాళ్ళు మండేవి. చీమలు పాకినట్టుందనేవాడు. ఆ తర్వాత ఆ మంట దానంతటదే పోయింది. బావ ఆ సంగతి అందరికీ చెప్పాడు. మందూ మాకూ లేకుండా నయమైందన్నాడు. మేమూ సంతోషించాం. పాదం బాగుపడి మంట తగ్గలేదనీ, మంట తెలిసే శక్తే పోయిందనీ మాలో ఒక్కరికీ తోచలేదు.

ఒకరోజు పొద్దున్నే అక్క దుకాణం తుడుస్తూ, మిషను కింద తొక్కే పలక మీద తడి చూసింది. పసుపుపచ్చగా, జిగటగా ఉంది. మిషనుకి వేసే నూనె కారుతోందనుకుని గుడ్డతో తుడిచింది. మర్నాడూ ఉంది. మూడో రోజు ఆ గుడ్డని వాసన చూసింది.

"ఏవండీ, కాలు పైకెత్తండి" అంది.

"ఎందుకు?"

"ఎత్తండి."

ప్యాంటు అంచుని తిప్పి చూసినట్టే ఆయన పాదాన్ని తిప్పి చూసింది. కుడి అరికాల్లో, రెండో వేలి మొదట్లో, చుట్టూ తెల్లగా గట్టిపడ్డ ఆనె ఉంది. దాని నడిమధ్య చొక్కా గుండీ అంత గుంట. వేలు ఎర్రగా ఉబ్బి ఉంది. నొప్పి లేదా అని అడిగితే లేదన్నాడు. ఆ ఆనెని పోయిన నెలలోనే కుట్లు విప్పే బ్లేడుతో తానే చెక్కుకున్నానని, శుభ్రంగా వచ్చిందని, అప్పుడూ నొప్పి పుట్టలేదని చెప్పాడు. ఆ చెప్పడంలో కాస్త గర్వం కూడా ఉందట.

అక్క నాకు ఫోన్ చేసింది. నేను వెళ్ళేసరికి బావ మిషను మీదే ఉన్నాడు. ఇద్దరు కవలల ఇంటర్వ్యూ ప్యాంట్లు అవుతున్నాయి. ఒకరికొకరు అచ్చు గుద్దినట్టుంటారుగానీ ఒకడికి ఎడమకాలు అరంగుళం పొట్టి, ఆ సంగతి వాళ్ళమ్మకి కూడా తెలియదన్నాడు.

"బావా, లే. ఆసుపత్రికి వెళ్దాం."

"సాయంత్రం దాకా ఆగు. ఈ రెండూ ఇచ్చేస్తే..."

అక్క వచ్చి మిషను చక్రానికున్న తోలు పట్టాని తప్పించింది. చక్రం ఉత్తినే తిరిగింది. ఆయన దానివైపు కాసేపు చూసి లేచాడు.

ఆసుపత్రిలో పొడుగాటి నడవ చివర కాళ్ళకే ఒక గది ఉంది. అక్కడ కట్లు కట్టే నర్సమ్మని అందరూ కాళ్ళ నర్సమ్మ అంటారు. ఆవిడకి ఆ పేరంటే కోపమూ లేదు, ఇష్టమూ లేదు. బావని ఎత్తు బల్ల మీద కూర్చోబెట్టి, ఒక పుల్లకి తగిలించిన సన్నటి నైలాను దారం తీసింది.

"ఏ నంబరు దారం?" అన్నాడు బావ.

"కుట్టేది కాదండీ, పరీక్షది. కళ్ళు మూసుకోండి. తగిలినప్పుడల్లా తగిలిందని చెప్పాలి."

బావ కళ్ళు మూసుకున్నాడు. ఆవిడ ఆ దారపు కొసని బొటనవేలికి, మధ్యవేలికి, చిటికెనవేలికి, పుండుకి దూరంగా అరికాల్లో నాలుగైదు చోట్ల, అది వంగేదాకా ఒత్తి తీసింది. కుడికాలు అయ్యాక ఎడమకాలు. గదిలో గోడగడియారం చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. చాలాసేపటికి బావ కళ్ళు మూసుకునే అడిగాడు, "ఎప్పుడు మొదలుపెడతారమ్మా?"

"అయిపోయిందండీ" అంది నర్సమ్మ.

ఎక్స్‌రే తీశారు. డాక్టరు కుర్రవాడే, కళ్ళద్దాలు ముక్కు మీదకి జారుతుంటాయి. ఫిల్మును వెలుతురు డబ్బా మీద పెట్టి చాలాసేపు చూశాడు. వేళ్ళ ఎముకల మధ్యన సన్నటి తెల్ల గీత అడ్డంగా ఉంది. మమ్మల్ని దగ్గరికి పిలిచి, "ఇదేంటో మీకేమైనా తెలుసా?" అన్నాడు.

బావ మెడ చాచి చూశాడు. "మిషను సూది. పద్దెనిమిదో నంబరు. కొస ముక్క మాత్రమే, పైది లేదు."

డాక్టరు కళ్ళద్దాలు పైకి నెట్టుకున్నాడు. "ఎప్పుడు విరిగింది?"

బావ ఆలోచించాడు. మూడు వారాల కింద దళసరి గుడ్డ నాలుగు మడతల మీద కుడుతుంటే సూది విరిగింది. ముక్క కోసం గది అంతా వెతికాడు. దొరకలేదు. చెప్పకుండా ఊడ్చేశావని అక్క మీద ఎగిరాడు. రెండు రోజులు ఆవిడతో మాట్లాడలేదు. ఇదంతా చెప్పాల్సిన చోట ఆయన, "ఈమధ్యే" అని ఊరుకున్నాడు.

అక్క ఆ ఫిల్ము వైపు చూసి, "దొరికిందిగా" అంది. అంతకు మించి ఆ విషయం ఆవిడ అప్పుడూ ఎత్తలేదు, ఇప్పటికీ ఎత్తలేదు.

డాక్టరు విడమరిచి చెప్పాడు. అసలు కారణం సూది కాదన్నాడు. స్పర్శ పోయిన కాలు కాబట్టే సూది దిగినా తెలియలేదు, ఆనె కింద పుండు పడినా తెలియలేదు, దాని మీదే రోజుకి పది గంటలు తొక్కినా తెలియలేదు. చీము ఎముక దాకా వెళ్ళింది. కాలికి రక్తం బాగానే ఆడుతోంది, అది అదృష్టం. ఇంకో వారం ఆగి వస్తే మాట్లాడుకునేది వేలి గురించి కాదు, కాలి గురించి.

"వేలంటే?" అన్నాడు బావ.

"రెండో వేలు తియ్యాలండీ."

బావ తన కాలి వైపు చూశాడు. తర్వాత, "ప్యాంటు బాటమ్ కొలతలో తేడా రాదు" అన్నాడు. ఆ మాటనేసి కిటికీ వైపు తిరిగాడు. అక్క ఆయన చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడి ఉంది.

సూది తీశారు, వేలు తీశారు, కుళ్ళిన కండంతా చెక్కేశారు. పది రోజులు సూదిమందులు. షుగరుకి ఇన్సులిన్ మొదలుపెట్టారు. చీము పూర్తిగా తగ్గాక, పుండు మీద బరువు పడకుండా మోకాలి కింది నుంచి వేళ్ళ దాకా ప్రత్యేకమైన కట్టు వేశారు, సిమెంటు కట్టులాంటిదే. వారానికోసారి విప్పి, పుండు చూసి, కడిగి, చుట్టూ గట్టిపడ్డ చర్మం తీసేసి మళ్ళీ కొత్త కట్టు.

"మందులు సగం పనే చేస్తాయండీ" అంది నర్సమ్మ. "మిగతా సగం ఆ కాలు కింద మోపకపోవడం. ఎంత మంచి మందు రాసినా రోజంతా పుండునే తొక్కుతూ కూర్చుంటే మానదు."

"ఎన్నాళ్ళు?"

"మానేదాకా."

"అలా కాదమ్మా. కొలత చెప్పండి."

"పది పన్నెండు వారాలు. ఇంకా ఎక్కువ కూడా పట్టొచ్చు."

"ఎడమకాలితో తొక్కితే?"

నర్సమ్మ ఎడమకాలు చేతిలోకి తీసుకుని, అదే చోట మొలుస్తున్న ఆనెని వేలితో చూపించింది. బావ ఆ ప్రశ్న మళ్ళీ అడగలేదు.

ఇంట్లో కుర్చీ, దాని ముందు కాలు చాపుకోవడానికి ఎత్తుపీట వేశాం. బట్టలు పేరుకుపోయాయి. కవలల్లో ఒకడు వచ్చి పరదా పక్కన నిలబడి దిగులుగా చూసి వెళ్ళాడు. నాలుగో రోజు అక్క ఎవరినీ అడగకుండా మిషను ముందు కూర్చుంది. తోలుపట్టా తగిలించింది. కాళ్ళకి చెప్పులు వేసుకుని మరీ కూర్చుంది.

"నీకు రాదు" అన్నాడు బావ.

"ఇరవై ఆరేళ్ళు ఎదురుగా కూర్చున్నాను. కళ్ళు మూసుకుని కూర్చోలేదుగా."

తొక్కింది. మిషను మాట వింది. చెప్పులున్నా వింది. బావ కాసేపు చెవులు రిక్కించి, కుట్టు బిగువు ఎక్కువైందన్నాడు. కాసేపాగి తక్కువైందన్నాడు. అక్క తల తిప్పకుండా, "మాట్లాడుతుంటే సూది విరుగుతుంది" అంది. ఆయన నోరు మూసుకున్నాడు. సాయంత్రానికి ఆయన ఒళ్ళో కాజాల పని వచ్చి పడింది. పెళ్ళయిన కొత్తలో అక్కకి కాజా కుట్టడం నేర్పింది తనే. ఇప్పుడు అక్క ఆయన కుట్టిన మొదటి కాజా వెలుతురుకి పెట్టి చూసి, విప్పి మళ్ళీ కుట్టమంది.

కవలల తల్లి ప్యాంట్లు తీసుకెళ్ళడానికి వచ్చింది. కుట్టు పట్టి పట్టి చూసి, "ఈసారి చెయ్యి బాగా కుదిరిందండీ" అంది బావతో. ఆయన తల ఊపాడు.

వారం వారం నర్సమ్మ ఒక కాగితపు పట్టీతో పుండు కొలిచేది. కొలిచి పుస్తకంలో రాసేది. మొదటి వారం ఇరవై మిల్లీమీటర్లు. తర్వాత పదిహేడు. తర్వాత పద్నాలుగు. బావ ఆ పట్టీ వంక ఆసక్తిగా చూసేవాడు. నాలుగో వారంలో అక్క కూరగాయలకి వెళ్ళింది. ఆయన చేతికర్ర సాయంతో మిషను దగ్గరికి వెళ్ళి కూర్చుని, కట్టున్న కాలితోనే రెండు ప్యాంట్ల పక్క కుట్లు లాగించేశాడు. నొప్పి లేదు. ఆయనకి ఎప్పుడు ఉంది గనక. అక్క వచ్చేసరికి కుర్చీలో కూర్చుని కాజాలు కుడుతున్నాడు, మహా బుద్ధిమంతుడిలా.

ఆ వారం కట్టు విప్పినప్పుడు అడుగున పగుళ్ళున్నాయి. నర్సమ్మ అవి చూసింది. పుండు కడిగింది. పట్టీ ఆయన చేతికిచ్చింది. "మీరే కొలవండి" అంది.

బావ కాలు మడిచి, కళ్ళద్దాలు పెట్టుకుని కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. మెడలోని టేపు తీసి దాంతో కూడా చూడబోతుంటే ఆవిడ ఆపి, అది శుభ్రమైంది కాదంది.

"ఎంత?"

"పంతొమ్మిది."

"పోయినసారి?"

"పద్నాలుగు." పట్టీ తిరిగిచ్చేస్తూ, "రెండు ప్యాంట్లు కుట్టానమ్మా" అన్నాడు.

అక్క అప్పుడే ఆ మాట వినడం. ఆవిడ ముఖం ఎర్రబడింది. నర్సమ్మ మాత్రం పుస్తకంలో పంతొమ్మిది అని రాసి, పక్కన రెండు ప్యాంట్లు అని కూడా రాసింది. స్కూటరు మీద వస్తూ బావ నా వీపు వెనకనుంచి, "ఐదు మిల్లీమీటర్లు రా" అన్నాడు. పదకొండేళ్ళుగా డాక్టర్లు, అక్క, నేను చెప్పి చెప్పి చేయలేని పని ఆ కాగితపు పట్టీ చేసింది. ఆ తర్వాత ఆయన కాలు పీట మీదనుంచి దిగలేదు. ఇన్సులిన్ వేళ తప్పలేదు. షుగరు అంకెలు కూడా ప్యాంటు కొలతలు రాసే పుస్తకంలోనే, నడుము అని ఉండే గడిలో రాసుకునేవాడు. ఒకసారి అక్క ఆ అంకె చూసి ఎవరో భారీమనిషి కొలత సెంటీమీటర్లలో రాశాడనుకుని గుడ్డ కత్తిరించబోయింది.

పదహారో వారానికి పుండు మూసుకుంది. మూసుకున్నంత మాత్రాన పని అయిపోలేదని నర్సమ్మ చెప్పింది. ఒకసారి పడిన చోట మళ్ళీ పడడం తేలికట. చెప్పులు ఇంట్లో కూడా వేసుకోవాలి. వేసుకునేముందు బోర్లించి దులపాలి. నీళ్ళ వేడి కాలితో చూడకూడదు. వేళ్ళ సందులు తడి లేకుండా తుడవాలి. గోళ్ళు అడ్డంగా, తిన్నగా తియ్యాలి. ఆనెలని బ్లేడుతో ముట్టుకోకూడదు, ఆవిడ దగ్గరికే రావాలి. రోజూ అరికాళ్ళు చూసుకోవాలి.

ముందువైపు వెడల్పుగా, లోపల మెత్తటి అట్టతో ఆసుపత్రివాళ్ళు బూట్లు చేయించారు. రెండు చిన్న పడవల్లా ఉంటాయి. ప్యాంటు అంచు వాటి మీద ఎలా పడినా అందంగా ఉండదని బావ బాధ. అయినా వేసుకుంటాడు. రోజూ పొద్దున్న చేతి అద్దం నేల మీద పెట్టి, దాని పైన పాదం పట్టుకుని, గుడ్డలో నేతలోపం వెతికినట్టు వెతుకుతాడు. బూట్లు దులిపితే ఇప్పటివరకు మూడు గుండీలు, ఒక సుద్దముక్క దొరికాయి. నీళ్ళు అక్క మోచేత్తో చూసి సరేనంటేనే పోసుకుంటాడు.

మిషను అక్కదే అయిపోయింది. కత్తిరింపు, కొలతలు బావవి. ఇదివరకు బాటమ్ కొలతకి నేల మీద మోకాళ్ళ మీద కూర్చునేవాడు, ఇప్పుడు చిన్న పీట వేసుకుంటున్నాడు. ఆ పీట మీదనుంచి చూస్తే రోజుకి పది మంది కాళ్ళు కనిపిస్తాయి.

ఒకనాడు కారు నడపడం నేర్పే మాస్టారు వచ్చాడు. యాభై దాటిన మనిషి, గొంతు పెద్దది. బావ నడుము, తొడ కొలిచి పీట మీద కూర్చున్నాడు. మాస్టారికి చెప్పు అంచున మడమ పగిలి, పగులులో నల్లగా ఉంది. పక్కన చర్మం ఎర్రగా వాచింది. చెప్పు మీద తడి మరక.

"చెప్పు విప్పండి."

"ప్యాంటుకి చెప్పు విప్పడమెందుకు?"

"కొలత సరిగ్గా రావాలంటే విప్పాలి" అన్నాడు బావ. అది అబద్ధం. నర్సమ్మ మాకు ఇంట్లో చేసుకోమని నేర్పిన పరీక్ష ఒకటుంది, వేలి కొసతో కాలివేళ్ళ కొసల్ని మెల్లగా తాకడం. బావ ఆయన్ని కిటికీ వైపు చూడమని, మూడు వేళ్ళు తాకాడు. "ఏమైనా తెలిసిందా?"

"ఏం తెలియాలి?"

"మీకు షుగరుందా?"

"ఉందిలే, కొద్దిగా."

"నాకూ కొద్దిగానే ఉండేది" అని బావ కుడి బూటు, మేజోడు తీసి చూపించాడు. మాస్టారు ఆ పాదం వైపు చూసి చూపు తిప్పుకున్నాడు. బావ ఆసుపత్రి గది గుర్తులు చెప్పి, ఇవాళే వెళ్ళమన్నాడు. వెళ్ళొచ్చి చీటీ చూపిస్తేనే ప్యాంటు కుడతానన్నాడు. మాస్టారుకి కోపమొచ్చింది. దర్జీ దగ్గరికొస్తే వైద్యం చేస్తున్నాడని గట్టిగా అని, గుడ్డ చుట్టి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

రెండు రోజులు బావ సరిగ్గా అన్నం తినలేదు. మూడో రోజు నన్ను పిలిచి స్కూటరు తీయమన్నాడు. కారు నేర్పే మైదానంలో మాస్టారు ఒకావిడకి వెనక్కి తిప్పడం నేర్పిస్తున్నాడు. బావ ఆ పడవ బూట్లతో మైదానం అడ్డంగా నడిచి వెళ్ళి, కారుకి వెనకాల నిలబడ్డాడు. ఆవిడ బ్రేకు వేసింది.

"మీరు వెళ్ళలేదు" అన్నాడు బావ కిటికీ దగ్గరికొచ్చి.

"మీకేంటండీ బాధ?"

"మీరు రోజంతా తొక్కేది ఆ కాలితోనే. నేనూ తొక్కాను. మీ వైపున్న బ్రేకు మీద కాలుందో లేదో మీకిప్పుడు చూడకుండా తెలుస్తోందా?"

మాస్టారు వంగి తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. నేర్చుకునే ఆవిడ స్టీరింగు మీద చేతులు తీసేసి, "సార్, నేను దిగుతాను" అంది. ఆవిడ దిగి దూరంగా వెళ్ళి నిలబడింది. అదే ఆయన్ని కదిలించి ఉంటుంది. ఆ మధ్యాహ్నమే నర్సమ్మ దగ్గరికి వెళ్ళాడు. పుండు ఇంకా పైపైనే ఉందట. ఆరు వారాల్లో మానింది. వేళ్ళన్నీ దక్కాయి. కొన్నాళ్ళు తన బదులు మేనల్లుణ్ణి కార్లో కూర్చోబెట్టాడు.

ప్యాంటు మాత్రం వేరే దర్జీ దగ్గరే కుట్టించుకున్నాడు. బావ ఓసారి వీధిలో ఆ ప్యాంటు చూసి, వెనక జేబు వంకరగా ఉందని నాకు చూపించాడు. అయితే మాస్టారు తన దగ్గర నేర్చుకునేవాళ్ళలో షుగరున్నవాళ్ళని ప్యాంటు నెపంతో బావ దగ్గరికి పంపుతుంటాడు. వాళ్ళలో ఆడవాళ్ళూ ఉంటారు. అక్క వాళ్ళని లోపలికి తీసుకెళ్ళి చూస్తుంది.

పోయిన నెల బావ ఎడమకాలి ఆనె గట్టిపడింది. అద్దంలో చూసిన రోజే, పని నిండా ఉన్నా, కత్తెర బల్ల మీద పెట్టేసి నాకు ఫోన్ చేశాడు. నర్సమ్మ దాన్ని నున్నగా చెక్కి, లోపల పుండు లేదని చెప్పి, బూటు లోపలి అట్ట మార్పించింది. పావుగంట పని. బావ బయటికొచ్చి నడవలో బెంచీ మీద కూర్చుని మేజోళ్ళు నిదానంగా తొడుక్కున్నాడు. తొడుక్కుంటూ నా కాళ్ళ వైపు చూశాడు.

"నీ బూట్లు విప్పు" అన్నాడు.

"నాకు షుగరు లేదు బావా."

"పరీక్ష ఎప్పుడు చేయించుకున్నావు?"

నేను చేయించుకోలేదు. అదే చెప్పాను. ఆయన లేచి, నన్ను మోచేయి పట్టుకుని రక్తం తీసే గది ముందున్న వరసలో నిలబెట్టాడు. నా ముందు తొమ్మిది మంది ఉన్నారు. ఆయన పోయి మళ్ళీ బెంచీ మీద కూర్చున్నాడు, స్కూటరు తాళాలు తన దగ్గరే పెట్టుకుని.